ప్రధానమంత్రి ముచ్చట చెప్పడానికి గోదావరి దాటి

బెల్జియం ప్రధానమంత్రి సంగతి నాకంటే బాగా తెలిసినవాడు కరీంనగర్ జిల్లాలోనే లేడు. అందుకే చెన్నూరు దగ్గరి నా పాత శిష్యుడు చిన్నప్ప కబురు పెట్టగానే పొద్దున ఆరింటి మంథని బస్సెక్కాను.

చిన్నప్ప కాథలిక్కు, వాళ్ల ఊరి సర్పంచి. గాలివానకు బడి కప్పు లేచిపోతే, ఇద్దరు వార్డు మెంబర్లతో కలిసి బడిని చర్చి కొట్టంలోకి మార్చాడు. పెద్దలకది నచ్చలేదు. ఆ ఇద్దరినీ వదులుకుంటే సర్పంచిగిరీ నిలుస్తుందన్నారు. నేను బస్సెక్కిన మర్నాడే తేల్చాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ బెల్జియం కాథలిక్ ప్రధానమంత్రికీ బడుల మీదే ఇలాంటి చిక్కు వచ్చింది గనుక, ఆ ముచ్చట వచ్చి చెప్పమని కబురు.

బస్సులో పక్కనున్న బట్టల బేరగాడు అడిగాడు: "బెల్జియం జూసిండ్రా సాబ్?"

"ఓడ మీద పోయొచ్చిన."

పాపం, కిటికీ సీటు నాకిచ్చేశాడు. నిజానికి నేను దాటిన పెద్ద నీళ్లు గోదావరే. బెల్జియమంతా ఒక పాత చరిత్ర పుస్తకంలో చూసిందే.

పదకొండింటికి మంథని. హోటల్లో అన్నం తిని పడవెక్కాను. ఎండాకాలం వెళ్లేవారు ఇసుకలో చెప్పులు విప్పకండి, అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. అవతలి ఒడ్డున చిన్నప్ప ఎడ్లబండి కట్టుకొచ్చాడు. నాలుగింటికి ఇల్లు చేరాం. అతని భార్య మరియమ్మ చాయ్ ఇచ్చి, తానూ వినడానికి గడపలో కూర్చుంది.

"రెండుసార్లు గద్దెనెక్కిండు, నడుమ ఓడిండు," మొదలుపెట్టాను. "రెండోసారి బళ్లను ఊర్ల చేతికిచ్చే చట్టం తెచ్చిండు. పట్నంల లొల్లి లేసింది. రాజు పిలిచి, నీ మంత్రులల్ల ఇద్దరిని తీసెయ్యమన్నడు."

"మరేం జేసిండు సారూ?" అంటూ చిన్నప్ప మరియమ్మ వైపు చూశాడు.

నా శిష్యుడి కుర్చీ పోవడం నాకిష్టం లేదు. "తీసేసిండు. ఎన్క పదేండ్లు దర్జాగ ఏలిండు!"

"ఇన్నవా? గిదే నేను మొత్తుకుంటున్న!" అంది మరియమ్మ.

మర్నాడు పంచాయతీలో ఉన్న ఒక్క కుర్చీలో చిన్నప్ప, కింద చాప మీద ఆ ఇద్దరు మెంబర్లూ.

"ఏమంటవ్ సర్పంచీ?" అడిగారు పెద్దలు.

"ఆళ్లు దిగితె నేను గూడ దిగుతున్న," అని చిన్నప్ప కుర్చీ విడిచి, వాళ్లను జరగమని ఆ చాప మీదే కూర్చున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి తిరుగు ప్రయాణం. మరియమ్మ ముఖం మాడ్చుకునే జొన్నరొట్టెలు మూటకట్టింది. దారి మంచిది, మనుషులు ఇంకా మంచివాళ్లు, తప్పక వెళ్లండి. పడవలో కాలు పెడుతుంటే చిన్నప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, ఆయన గా ఇద్దరితోని తనుగూడ కొలువిడిసి ఇంటికి పోయిండని ఆరో తరగతిల జెప్పింది మీరే. మరియమ్మ ముంగట గదొక్క మాట జెప్తరని పిలిస్తె, పదేండ్లు ఏలిచ్చిండ్రు!"