కూతురికి తీసుకెళ్లిన డబ్బా

అమెరికాలో, కాన్సస్ పొలాల మధ్య వెళ్తున్న బస్సులో ఒక తెలుగావిడ నా పక్కన కూర్చుంది. చిన్న ఊళ్లో భార్యాభర్తలిద్దరూ గ్యాస్ స్టేషన్, అంటే పెట్రోల్ బంకు, దాని పక్కనే చిన్న స్టోర్ నడుపుతారట. తిండి మానేసిన టీనేజ్ కూతుర్ని సిటీ హాస్పిటల్‌లో చూసి వస్తోంది.

“మా ఊరి స్కూల్లో ఫ్యామిలీ వెల్‌నెస్ అని ఆరోగ్యం క్లాసులు పెట్టారండీ. ఇంటిల్లిపాదీ రావాలన్నారు. ఆయనేమో స్టోర్ వదిలి రాలేరు, పిల్లేమో కార్ దిగదు. నేనొక్కదాన్నే వెళ్లి కూర్చునేదాన్ని.”

“ఇప్పుడెలా ఉంది?”

ఆవిడ కూతురికని తీసుకెళ్లిన డబ్బా తెరిచింది. పెరుగన్నం అలాగే ఉంది. ముద్ద చేసి, కాసేపు చేతిలోనే ఉంచుకుని, “మీరు తినండమ్మా,” అంది.

నాకు ఆకలి లేదు, బస్సులో తినే అలవాటూ లేదు. అయినా చెయ్యి చాపాను. నేను నమిలి మింగేదాకా ఆవిడ నా నోటి వంకే చూసింది.

తర్వాత ఇంకో ముద్ద చేసింది.