కాటా మీద కొత్త బండి

అర్విడ్ స్టెనెరుడ్ ముప్పై తొమ్మిదేళ్ళు మిన్నెసోటాలోని నార్డ్‌బీ ధాన్యం గోదాములో కాటా మనిషిగా పనిచేశాడు. ఆ ముప్పై తొమ్మిదేళ్ళలో ఆయన నమ్మిన మనిషి ఒక్కడూ లేడు. లారీ కాటా మీదికి ఎక్కగానే డ్రైవరును దిగమనేవాడు. పక్కన కుక్క ఉంటే కుక్కనూ దింపేవాడు. ఒకసారి పాస్టరుగారు తన పొలం సోయా గింజలు తీసుకొస్తే, ఆయన చంకలోని బైబిలును కూడా దింపించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. అది బైబిలు కాదు, పాటల పుస్తకం.

ఈ అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎనభై ఎనిమిదో సంవత్సరం కరువులో మెల్విన్ బ్రెక్కె అనే రైతు మొక్కజొన్న లారీ తెచ్చాడు. పైన గింజ గలగలలాడుతోంది. అర్విడ్ తన ఆరడుగుల ఇత్తడి గొట్టాన్ని అడుగుదాకా దించి శాంపిలు తీస్తే, కింది నుంచి తడిసి ఉబ్బిన గింజ వచ్చింది. "పైన ఎండు, అడుగున తడి. లోకమంతా ఇంతే" అన్నాడు అర్విడ్ ఆ రోజు. ఆ మాట మీదే మిగతా జీవితం గడిపేశాడు.

పదవీ విరమణ అయింది గాని, చింత చచ్చినా పులుపు చావదు కదా. కోడిగుడ్ల అట్టపెట్టె కొంటే పన్నెండు గుడ్లనూ తిరగేసి చూస్తాడు. చర్చిలో ఆదివారం కాఫీ దగ్గర కేకు ముక్క ఇస్తే, పక్కవాడి ముక్క వైపు ఓ చూపు చూసి గాని ఫోర్కు దించడు.

అలాంటి మనిషికి డెబ్బై ఒకటో ఏట కొత్త బండి కొనాల్సిన గతి పట్టింది.

కారణం ఆయన భార్య లవోన్. నవంబరులో ఆవిడ తుంటికి ఆపరేషన్ అయింది. ఎత్తు ఎక్కకూడదు, లోతుకు కుంగకూడదు అన్నాడు డాక్టరు. అర్విడ్ పికప్ ట్రక్కు నిచ్చెన వేసుకుని ఎక్కాల్సినంత ఎత్తు. లవోన్ చిన్న కారు నేలమీద చాప పరిచినట్టు ఉంటుంది. ఎత్తి కూర్చోబెడతానని అర్విడ్ ఒకసారి చేతులు చాచాడు. "నేను మొక్కజొన్న బస్తాను కాదు, చెయ్యి తియ్యి" అందావిడ. అప్పటినుంచి ఐదు నెలలు కిటికీ దగ్గరే కూర్చుంది.

ఇప్పుడు ఏప్రిల్ వచ్చింది. సరస్సు మీద మంచు నల్లబడుతోంది. ఇవాళో రేపో విడిపోతుంది. పెళ్ళయిన నలభై ఆరేళ్ళలో మంచు విడిచే రోజున లవోన్ ఒడ్డున లేని సంవత్సరం లేదు.

"ఈసారి కిటికీలోంచి చూడమంటావా? కిటికీలోంచి ఓల్సన్ వాళ్ళ ప్రొపేన్ గ్యాసు ట్యాంకు కనిపిస్తుంది" అంది.

"కొంటానన్నానుగా."

"ఫిబ్రవరిలో అన్నావు. మార్చిలో అన్నావు. నువ్వు టైర్లు తట్టి చూసి తేల్చేలోపు మంచు కరిగి మళ్ళీ గడ్డకడుతుంది."

సోమవారం పొద్దున్నే అర్విడ్ షోరూముకు వెళ్ళాడు. మూడు వరుసల సీట్లతో, ఇల్లంత బండి ఒకటి మెరుస్తూ నిలబడి ఉంది. దాని పక్కన అంతకంటే మెరుస్తూ కర్టిస్ బ్రెక్కె నిలబడి ఉన్నాడు. ఎవరో కాదు, తడి మొక్కజొన్న మెల్విన్ కొడుకు.

"రండి రండి స్టెనెరుడ్ గారూ! కాఫీ తాగుతారా?"

"వద్దులే."

"కొంచెం?"

"ఎందుకు, శ్రమ."

"పోసేశానండీ."

"సరే, అరకప్పు."

ఆ ఊళ్ళో కాఫీ అయినా, బండి అయినా, పెళ్ళికూతురైనా పద్ధతి ఇదే. రెండుసార్లు కాదనాలి, మూడోసారి ఒప్పుకోవాలి. మొదటిసారే అవునన్నవాడు ఆశపోతు. మొదటిసారే ఇచ్చేసినవాడి దగ్గర ఏదో లొసుగు ఉన్నట్టు.

అర్విడ్ అద్దానికి అతికించిన ధర చీటీని అడుగునుంచి పైకి చదివాడు. డెబ్బై ఒక్క వేల డాలర్లు. "హూ" అన్నాడు. అది ఇంకా బేరం కూడా కాదు, ఊపిరి పీల్చుకోవడమే.

"అరవై ఆరున్నరకు ఇచ్చేస్తానండీ" అన్నాడు కర్టిస్.

అర్విడ్ చేతిలో కప్పు ఆగిపోయింది. నోరు తెరవకుండానే నాలుగున్నర వేలు తగ్గిందా? అడుగున తడి ఉంది. కచ్చితంగా ఉంది.

"నేనేమీ అనలేదే" అన్నాడు.

"మీరు అనేదాకా ఎందుకండీ. ఎక్స్‌ట్రా ఫిట్టింగులు కూడా నావే. రబ్బరు మ్యాట్లు, పైన సామాను పెట్టె, తుప్పు పట్టకుండా అండర్‌కోటింగు, వెనక అద్దాలకు నల్ల ఫిల్మ్. ఇదిగో, ఇది చూడండి." తలుపు తీయగానే కింద నుంచి వెడల్పాటి మెట్టు ఒకటి పిల్లి నాలుక చాచినట్టు మెత్తగా బయటికి వచ్చింది. తలుపు వేస్తే లోపలికి పోయింది.

"దీనికెంత?"

"దీనికేం లేదు."

"నల్ల ఫిల్మ్ నేను అడగలేదే. లోపల ఏముందో బయటికి కనపడదు."

"ఎండకండీ."

"ఈ మిన్నెసోటా చలిలో ఎండకా?"

కర్టిస్ దగ్గాడు. మాట మార్చడానికి లోపలి అద్దం చూపించాడు. అది అద్దం కాదు, తెర. బండి వెనక కెమెరా ఉంది, అది చూసిందే ఇందులో కనపడుతుంది. వెనక సీట్లూ సామానూ అడ్డు రావు, సరాసరి రోడ్డే.

"అంటే నా బండిలో నా వెనక సీటు నాకే కనపడదు" అన్నాడు అర్విడ్ నెమ్మదిగా. నల్ల ఫిల్మ్ బయటివాళ్ళకు కనపడకుండా దాస్తోంది, ఈ అద్దం లోపలివాడికి కనపడకుండా దాస్తోంది. ఏం దాస్తున్నట్టు? వరదలో మునిగిన బండ్లను దక్షిణాది నుంచి తెచ్చి, కడిగి అమ్ముతారని ఆయన ఎక్కడో విన్నాడు. పైన తళతళ, డొల్లల్లో బురద. తండ్రికి జరిగిన పరాభవం కొడుకు ముప్పై ఏళ్ళు దాచుకుని ఇప్పుడు బదులు తీర్చుకుంటున్నాడేమో.

"ఓ పూట ఇంటికి తీసుకెళ్ళండి. ఆంటీకి చూపించండి" అన్నాడు కర్టిస్. అదీ మొదటిసారే.

అర్విడ్ కిందా పైనా చూసి జేబులోంచి నోటుబుక్కు తీశాడు. "ఖాళీ బండి బరువు ఎంత?"

"ఏమిటండీ?"

"బరువు. కంపెనీ కాగితంలో ఉంటుంది. పెట్టె ఎంత, మ్యాట్లు ఎంత, మెట్లు ఎంత, అన్నీ విడివిడిగా చెప్పు."

ట్యాంకు నిండా పెట్రోలుతో నాలుగు వేల ఎనిమిది వందల అరవై పౌన్లు. ఫిట్టింగులన్నీ కలిపి నూరు. మొత్తం నాలుగు వేల తొమ్మిది వందల అరవై. ఆ అంకె కింద అర్విడ్ రెండు గీతలు గీశాడు. మనుషులు అబద్ధమాడతారు. కాటా ఆడదు.

ఇంటి ముందు బండి ఆపేసరికి లవోన్ వాకర్ పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

"బాగుందే!" అంది.

"ఫరవాలేదు. ఎక్కకు."

"ఏం, కరుస్తుందా?"

"కాటా మీద పెట్టి చూసేదాకా నమ్మడానికి లేదు. మెల్విన్ కొడుకు అడక్కుండానే తగ్గించాడు. అడుగున ఏదో ఉంది."

"నాకు కావలసింది అడుగున ఉన్నది కాదు, అవతల ఉన్న సరస్సు. మంచు మధ్యకు చీలిందట, పొద్దున ఫోనొచ్చింది."

"గంటలో తేల్చేస్తాను" అని ఆయన టార్చిలైటు కోసం వెనక షెడ్డులోకి పోయాడు. టార్చి దొరికింది, బ్యాటరీలు దొరకలేదు. బ్యాటరీలు దొరికేసరికి పది నిమిషాలైంది. తిరిగి వస్తుంటే వాకర్ గరాజు గోడకు చేరగిలి కనిపించింది. దీన్ని ఎక్కడంటే అక్కడ వదిలేస్తుంది, అని విసుక్కుని బండెక్కి బయల్దేరాడు.

వీధి చివరికి వచ్చాడో లేదో, ముందున్న తెర మీద ఎర్రటి మనిషి బొమ్మ వెలిగి బండి టింగు టింగుమంది. వెనక సీట్లో ఎవరో బెల్టు పెట్టుకోలేదట! "వైరింగు పోయింది. వరదే" అనుకున్నాడు. కాసేపటికి దానంతట అదే ఆగిపోయింది. అది ఇంకా ఘోరం. నిలకడైన జబ్బుకు మందుంటుంది, వచ్చిపోయే జబ్బుకు ఉండదు.

రైలు పట్టాలు దాటాక ముక్కుకు వాసన తగిలింది. మోకాళ్ళ నొప్పుల మందు వాసన. కొత్త తోలు వాసన కింద సన్నగా, గుచ్చుకున్నట్టు. "ఎవరో ముసలావిడ వాడిన బండి" అని పైకే అన్నాడు. "ఆవిడ పోయాక కడిగి, కొత్తదని అమ్ముతున్నాడు."

బండిలో ఎవరూ ఏమీ అనలేదు.

గోదాము కాటా దగ్గర ఇప్పుడు జోడీ అనే అమ్మాయి ఉంటుంది. పని నేర్పింది అర్విడే.

"ఏం బాబాయ్, లాటరీ తగిలిందా?" అంది కిటికీలోంచి.

"మాటలు తర్వాత. తూచు." పద్ధతి ప్రకారం తాను దిగి, తలుపు వేసి, కాటాకు నాలుగడుగుల దూరం జరిగాడు. టోపీ కూడా తన నెత్తినే ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. ఎర్ర అంకెలు గిరగిరా తిరిగి ఆగాయి.

ఐదు వేల నూట ఇరవై.

అర్విడ్ నోటుబుక్కు చూశాడు. అంకెలు చూశాడు. నూట అరవై పౌన్లు ఎక్కువ! కాని గెలిచిన ఆనందం లేదు. తాను అనుమానించిందే నిజమైతే బండి లేదు, బండి లేకపోతే సరస్సు లేదు. కిటికీ, ప్రొపేన్ ట్యాంకు, ఇంతే. నలభై ఆరేళ్ళలో ఆవిడ ఆయన్ను అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇది ఒకటి.

అయినా గొట్టం తడి చూపిస్తే తడే అనాలి. జేబులోంచి ఫోను తీసి కర్టిస్‌కు కలిపి, జోడీ కూడా వినేలా స్పీకరు పెట్టాడు.

"కర్టిస్, నీ బండిలో నూట అరవై పౌన్ల బురదుంది."

"ఏమిటండీ? బురదేమిటి?"

"అది నేనడగాలి. మీ నాన్న అడుగున పెట్టాడు, నువ్వు ఎక్కడ పెట్టావో ఇప్పుడే తేలుస్తాను. ఫోను పెట్టెయ్యకు." ఫోను కాటా గట్టు మీద పెట్టి, గోడకు తగిలించి ఉన్న ఇత్తడి గొట్టం అందుకున్నాడు. ఎనభై ఎనిమిది నాటి గొట్టమే.

"బాబాయ్, తోలు సీట్లు. చిల్లు పడితే మీ నెత్తినే పడతాయి" అంది జోడీ.

వెనక తలుపు లేపి, టార్చి నోట్లో కరుచుకుని, అర్విడ్ గొట్టాన్ని మూడో వరుస మీదుగా ముందుకు తోశాడు. ఇంకొంచెం తోశాడు. మెత్తగా ఏదో తగిలింది.

"ఆ బల్లెం ఇంకొక్క అంగుళం ముందుకొచ్చిందంటే, తర్వాత ఆపరేషన్ నీకే!" అంది బండి.

టార్చి జారి బంపరు మీద పడింది. మధ్య వరుసలో, డ్రైవరు సీటు వెనక, ఇంటి చెప్పులతో, స్వెట్టరుతో, బెల్టు పెట్టుకుని లవోన్ కూర్చుని ఉంది.

"నువ్వెప్పుడు ఎక్కావు?"

"నువ్వు బ్యాటరీలు వెతుకుతున్నప్పుడు. తలుపు తీశాను, మెట్టు దానంతటదే దిగింది, పిడి పట్టుకున్నాను, ఎక్కాను. ఎవ్వరూ ఎత్తలేదు." ఆవిడ గడ్డం కొంచెం పైకి లేచింది. "ఆ పోయిన ముసలావిడను నేనే. వెనక్కి తిరిగి చూస్తావేమో అని ఎనిమిది మైళ్ళు కూర్చున్నాను. నలభై ఆరేళ్ళ నుంచీ కూర్చుంటూనే ఉన్నాను."

జోడీ కిటికీ మూసుకుంది. అద్దం వెనక భుజాలు ఊగడం మాత్రం కనపడుతోంది.

కాటా గట్టు మీద ఫోను పలికింది. "ఆంటీ! ఎక్కగలిగారా?"

"ఎక్కాను బాబూ. నువ్వు చెప్పినట్టే, కుడికాలు ముందు పెట్టాను."

"నువ్వు చెప్పినట్టే?" అన్నాడు అర్విడ్. మొహంలో వెలుగు వచ్చింది. కుట్ర ఉండనే ఉంది! చేసిన మనిషే వేరు. "అయితే తగ్గించమన్నది..."

"నేనే. పోయినవారం ఫోను చేశాను. ఈయనతో మూడేసిసార్లు మర్యాదలు పెట్టుకోకు, మొదటిసారే చివరి ధర చెప్పెయ్, మంచు ఆగదు అన్నాను. మొదటిసారే చెబితే నువ్వు కాటా మీదికి తోలతావని మాత్రం నాకు తోచలేదు."

"మరి ఆ నల్ల ఫిల్మ్?"

లవోన్ స్వెట్టరు అంచు సవరించుకుంది. "కాలు ఒక్కోటి చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి, అర్విడ్" అంది. "చర్చి ముందు అది ఊరంతా చూడక్కర్లేదు."

అర్విడ్ గొట్టాన్ని గుడ్డతో తుడిచి గోడకు తగిలించాడు. తుడవాల్సినదేమీ దానికి అంటలేదు.

"దిగు. ఖాళీగా మళ్ళీ ఒకసారి తూస్తే లెక్క తేలిపోతుంది" అన్నాడు.

"నేను దిగను. ఐదు నెలలకు ఎక్కాను. సరస్సుకు పోనియ్."

"తేలకుండా ఎలా?"

"తేలకపోతే నమ్ము. చచ్చిపోవులే."

ఈలోగా జోడీ కిటికీ తెరిచి తూకం చీటీ అందించబోయింది. లవోన్ కూడా చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వు, చూస్తాను. నా బరువు నూట నలభై ఎనిమిది. పెళ్ళినాడూ అంతే, ఇవాళా అంతే."

అర్విడ్ చీటీని మధ్యలోనే అందుకున్నాడు. ఆ కాటా బరువును దగ్గరి ఇరవైకి సర్ది చూపుతుంది. లవోన్ నూట నలభై ఎనిమిదే అయితే మొత్తం ఐదు వేల నూట ఎనిమిది, అంకె ఐదు వేల నూరు దగ్గర ఆగాలి. ఆగింది నూట ఇరవై దగ్గర. అంటే ఈ బండిలో కొన్ని పౌన్ల అబద్ధం ఉంది. అది కర్టిస్‌ది కావచ్చు. కాకపోవచ్చు. ఆయన ఒకసారి ఫోను వైపు చూశాడు. ఒకసారి తెరిచిన తలుపులోంచి భార్య వైపు చూశాడు. దూరంగా, సరస్సు వైపు నుంచి, మంచు పలకలు ఒరుసుకుంటున్న చప్పుడు గాజు పెంకులు కదిపినట్టు వినిపిస్తోంది.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"జోడీ, చీటీ మార్చు. ఐదు వేల నూరు అని కొట్టు."

"బాబాయ్! ముప్పై తొమ్మిదేళ్ళలో..."

"నాకు తెలుసు ఎన్నేళ్ళో. కొట్టు."

కొత్త చీటీ తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. పాతదాన్ని నాలుగు మడతలు వేసి టోపీ లోపలి పట్టీలో దాచుకున్నాడు. లవోన్ చీటీ చదివి, కళ్ళజోడు పైనుంచి మొగుడి వైపు చూసింది. ఆయన్ను అలా అనుమానంగా చూడటం ఆవిడకు అదే మొదటిసారి.

"సరిగ్గానే తూచారా?" అంది.

"కాటా అబద్ధమాడదు" అన్నాడు అర్విడ్. ముందు సీట్లోకి ఎక్కి, ఆ పనికిరాని అద్దాన్ని వదిలేసి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి ఆవిడ ఉందో లేదో చూసుకుని, బండిని సరస్సు వైపు తిప్పాడు.