చెవి మాస్టారు, మూడోసారి తిరిగొచ్చిన ల్యాప్‌టాప్

మెట్ల కింద మిగిలిన జాగాలో ఒక బల్ల, రెండు స్టూళ్లు, ఒక టేబుల్ ఫ్యాను, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన ఛార్జర్లు. కొట్టంటే అంతే. తలెత్తి నిలబడాలనుకుంటే గుమ్మం దగ్గరే నిలబడాలి, లోపలికి పోయేకొద్దీ మెట్లు నెత్తిమీదికి దిగొస్తాయి. ఆ కొట్లో ముప్పై ఏళ్లుగా కూర్చున్న మనిషిని ఎవరూ అసలు పేరుతో పిలవరు. చెవి మాస్టారు అంటారు. మాస్టారంటే ఆయనేమీ బడిలో చెప్పినవాడు కాదు. రిపేరు చేస్తూ చేస్తూ ఎదుటివాడికి పాఠం చెప్పే అలవాటుంది కాబట్టి ఆ మాట అలా అతుక్కుపోయింది.

ఇక చెవి సంగతి. ఆయన దగ్గర మూరెడు పొడవు స్క్రూడ్రైవరొకటి ఉంది, చెక్క పిడిది. ఏ యంత్రం వచ్చినా సరే, ముందు దాని మొన యంత్రానికి ఆనించి, పిడిని కుడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుంటాడు. రేడియోలు బాగుచేసిన రోజుల్లో అదే పద్ధతి, టీవీల రోజుల్లో అదే, కంప్యూటర్లొచ్చాకా అదే. ఒకసారి ఒక లాయరుగారి కంప్యూటరు విని, "లోపల డిస్కు అరుస్తోందండీ, మూడు నెలలకంటే బతకదు, కాగితాలన్నీ తీసి పెట్టుకోండి" అన్నాడు. లాయరు నవ్వాడు. డిస్కు రెండున్నర నెలలకే పోయింది. ఆ కథ చెప్పుకుని ఆయన పదేళ్లు బతికాడంటే అబద్ధం కాదు. వేడి ఎంతుందో అంకెల్లో చూపించే ప్రోగ్రాములున్నాయి కదా మాస్టారూ అని ఎవరైనా అంటే, "చెవులున్నవాడికి అంకెలెందుకోయ్" అనేవాడు. గర్వం ఉండేది మనిషికి. లేదని నేననను.

వినడం అయ్యాక మూడు ప్రశ్నలు వేస్తాడు. ఎన్నాళ్ల నుంచి? ఏం చేస్తుంటే ఆగింది? ఇంతకుముందు ఎవరికైనా చూపించారా? మూడు ప్రశ్నలకూ కలిపి అందరూ ఇచ్చే జవాబు ఒక్కటే. "నేనేం చెయ్యలేదండీ, దానంతట అదే ఆగిపోయింది." కాఫీ ఒలకబోసినవాడూ ఇదే మాట, మంచం మీంచి కింద పడేసినవాడూ ఇదే మాట. సాయంత్రం ఇంటికెళ్లి భార్యకు ఆ జవాబు ఒక్కొక్కరి గొంతుతో చేసి చూపించడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా.

ఏడాదిగా ఆ సరదాకు అడ్డం పడుతున్నది భార్యే. "ఏమండీ, ఒకసారి చెవులు చూపించుకోండి. మన టీవీ మనకోసం పెడుతున్నామో పక్కింటివాళ్ల కోసం పెడుతున్నామో తెలియట్లేదు" అంటుంది. "నా చెవులకేమొచ్చింది? ఈమధ్య వార్తలు చదివేవాళ్లే సన్నగా గొణుగుతున్నారు" అంటాడు ఈయన. పైగా చెవుల మీద తినేవాడిని చెవుల డాక్టరు దగ్గరికి పొమ్మంటావా అని అలిగి, ఆ పూట అన్నం మాట్లాడకుండా తింటాడు.

ఇలా ఉండగా బట్టల షాపులో పనిచేసే ఆవిడ ల్యాప్‌టాప్ మూడోసారి తిరిగొచ్చింది.

ఆవిడకు నలభై ఆరేళ్లు. పద్దెనిమిదేళ్లుగా కౌంటరు వెనకాల నిలబడి బట్టలు మడతపెడుతోంది. ఆ షాపులో అమ్మేవాళ్లకు కుర్చీ ఉండదు. రాత్రికి మడమలు రాయిలా అయిపోతాయి. చిన్నప్పటినుంచీ అచ్చుతప్పు కనబడితే చాలు, వేలు దానంతటదే అక్కడికి పోయే మనిషి. ఒక పుస్తకాల కంపెనీవాళ్లు ప్రూఫులు దిద్దేవాళ్లు కావాలన్నారు. ఇంట్లో కూర్చునే పని, వయసు పట్టింపు లేదు. పరీక్ష ఇంట్లోంచే రాయాలి, రెండు గంటలు, కెమెరా ముందు. మధ్యలో యంత్రం ఆగితే ఆ పరీక్ష పోయినట్టే. దరఖాస్తులో రాసిన ల్యాప్‌టాప్ మీదే రాయాలి, ఇంకోటి పనికిరాదు. మొత్తం మూడు అవకాశాలు.

మొదటి పరీక్షకు ముందే ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతోందని మాస్టారి దగ్గరికి తెచ్చింది. ఆయన స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. లోపలి ఫ్యాను బ్రహ్మాండంగా తిరుగుతోందన్నాడు. మూత విప్పి ర్యామ్ మార్చాడు, అరగంట నడిపి చూశాడు, రాయిలా ఉందని ఇచ్చాడు. పరీక్షలో నలభయ్యో నిమిషానికి తెర నల్లబడింది. రెండోసారి తెచ్చింది. మళ్లీ విన్నాడు, మళ్లీ ఫ్యాను బ్రహ్మాండం. ఉన్నదంతా తుడిచేసి సిస్టమ్ కొత్తగా ఎక్కించాడు. రెండో పరీక్ష గంట దాటగానే పోయింది. ఆ సంగతి ఫోనులో చెబితే మాస్టారికి ముక్కుమీదికి కోపమొచ్చింది. "మీరు పరుపు మీద పెట్టుకుని రాస్తున్నారమ్మా. వాడటం రాకపోతే నేనేం చేసేది?" అన్నాడు. బల్ల మీదే పెట్టానండీ అని ఆవిడ అంటూనే ఉంది, ఈయన ఫోను పెట్టేశాడు.

మూడోసారి మంగళవారం వచ్చింది. స్టూలు జరిపితే కూర్చోలేదు. "నిలబడటం అలవాటేనండీ" అంది. తర్వాత మెల్లగా, "శుక్రవారం పది గంటలకు ఆఖరి పరీక్ష మాస్టారూ. ఇది కూడా పోతే నాకిక ఆ ఉద్యోగం లేదు. బాగవుతుందో లేదో ఉన్నమాట చెప్పండి" అంది.

"బాగవుతుందమ్మా" అన్నాడాయన. అనడమైతే అన్నాడు గానీ, ఎలా బాగుచెయ్యాలో ఆయనకు అంతుపట్టలేదు.

బుధవారమంతా దాని ముందే కూర్చున్నాడు. కెమెరా పెట్టి, వీడియో నడిపించి, గంటసేపు, రెండు గంటలు, మూడు గంటలు చూశాడు. కొట్లో అది ఆగితే ఒట్టు. ఛార్జరు మార్చాడు, బ్యాటరీ తీసి పెట్టాడు, తీగలన్నీ ఊడదీసి బిగించాడు. ఒక్క ఫ్యాను జోలికి మాత్రం పోలేదు. ఎందుకు పోతాడు? విన్నాడుగా, సాఫీగా, ఒకే తీరుగా, హుమ్మని తిరుగుతోంది.

గురువారం మధ్యాహ్నం భార్య క్యారియరు పట్టుకొచ్చేసరికి కరెంటు పోయింది. టేబుల్ ఫ్యాను ఆగిపోయి కొట్టు ఒక్కసారిగా పొయ్యిలా తయారైంది. ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది.

"ఇంకా ఇదేనా?" అంది భార్య.

"ఇదే. నా తల ప్రాణం తోకకొస్తోంది. అన్నీ బాగానే ఉన్నాయి, ఇంటికెళ్తే ఆగుతుంది. కావాలంటే నువ్వే విను, ఫ్యాను ఎంత హాయిగా తిరుగుతోందో" అని స్క్రూడ్రైవరు భార్య చేతికిచ్చాడు.

పెళ్లైన కొత్తలో ఆయన రేడియోలకు ఇలాగే ఆనించి ఆమెకు వినడం నేర్పించాడు. అప్పట్లో వాళ్లకు సినిమాకు పోవడానికి కూడా తీరిక ఉండేది కాదు, ఇదే షికారు. ఆమె క్యారియరు పక్కన పెట్టి, పిడి చెవికి ఆనించి, ఆయన లాగే కళ్లు మూసుకుంది.

"ఏమీ లేదండీ" అంది.

"మొన సరిగ్గా ఆనించు."

"ఆనించాను. ఒకసారి గర్రుమని లేవబోయింది, ఆగిపోయింది. ఇప్పుడేమీ వినబడట్లేదు."

ఆయన విసుగ్గా స్క్రూడ్రైవరు లాక్కుని చెవికి పెట్టుకున్నాడు. హుమ్మని తిరుగుతోంది. నీకు వినడం మరుపొచ్చింది అనబోయి, ఎందుకో మొనను యంత్రం మీంచి పైకెత్తాడు. గాలిలోకి. దేనికీ ఆనకుండా.

హుమ్మని తిరుగుతూనే ఉంది.

స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. అప్పుడూ తిరుగుతోంది. అరచేత్తో కుడి చెవి మూసుకున్నాడు. ఇంకా బాగా తిరుగుతోంది. పిడిని ఎడమ చెవికి ఆనించి మళ్లీ విన్నాడు. భార్య చెప్పింది నిజం, లోపల చప్పుడే లేదు. ఏడాదిగా ఆయన యంత్రాల్లో విని మురిసిపోతున్న ఆ చప్పుడు ఆయన కుడి చెవిలోదే.

పలచటి కాగితం సన్నగా చింపి, ల్యాప్‌టాప్ పక్కన గాలి బయటికొచ్చే సందు దగ్గర పట్టుకున్నాడు. కాగితం కదల్లేదు. అడుగున చెయ్యి పెడితే చుర్రుమంది. ఇంకో పది నిమిషాలకు, ఆయన చూస్తుండగానే, తెర నల్లబడిపోయింది. మూడు రోజులుగా ఎదురుచూస్తున్నది ఇదే. అయినా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కొట్లో ఎందుకు ఆగలేదో ఇప్పుడు అర్థమైంది. తన టేబుల్ ఫ్యాను బల్లమీదికి గాలి కొడుతూ, లోపల తిరగని ఫ్యాను పని తాను చేసిపెట్టింది. ఆవిడ ఇంట్లో బల్లకు టేబుల్ ఫ్యాను ఎక్కడిది? ఎవరికీ తెలియని రోగం కాదిది. మొదటిసారి మూత విప్పినప్పుడే ఫ్యానును వేలితో తిప్పి చూస్తే, పని నేర్చుకునేవాడైనా చెప్పేస్తాడు. ఈయన దాని మీద వేలు పెట్టలేదు. చెవి ఉందిగా మరి.

"ఇంకెన్ని ఇలా పంపించానో" అన్నాడు. తిరిగొచ్చినవి గుర్తొచ్చాయి. తిరిగి రానివాళ్లు, ఇంకో కొట్టుకు పోయినవాళ్లు గుర్తొచ్చారు. భార్య ఏడాదిగా చెబుతున్న మనిషి, ఇప్పుడు దెప్పితే ఎవరూ కాదనరు. దెప్పలేదు. క్యారియరు విప్పి, "ముందు తినండి. శుక్రవారం రేపు కదా" అంది.

బల్ల కింద పడేసిన పాత ల్యాప్‌టాపుల్లో అదే రకానిది ఒకటుంది. దాని ఫ్యాను విప్పి, వేలితో తిప్పి, ఎడమ చెవితో విని, భార్యకూ వినిపించి, అప్పుడు బిగించాడు. కరెంటొచ్చింది. టేబుల్ ఫ్యాను మాత్రం వెయ్యనివ్వలేదు. కెమెరా పెట్టి వీడియో నడిపిస్తూ ఇద్దరూ నాలుగు గంటలు ఆ ఉక్కలో కూర్చున్నారు. ఆమె సందు దగ్గర కాగితం ముక్క పట్టుకుంది. అది నాలుగు గంటలూ ఆగకుండా రెపరెపలాడింది.

"ఆవిడకు ఫ్యాను పోయిందని చెప్పండి చాలు. అది అబద్ధం కాదుగా" అంది భార్య చెమట తుడుచుకుంటూ.

ఆయనకూ ఆ మాట నచ్చింది. సాయంత్రం బట్టల షాపు ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడగానే, "ఫ్యాను పోయిందమ్మా, మార్చాను" అన్నాడు కూడా. ఆవిడ ల్యాప్‌టాప్ అందుకుంటూ, "ఈసారి బల్ల మీద దీని కింద కూడా ఖాళీ వదులుతానండీ. ఇంతకుముందు నేనే ఏదో పొరపాటు చేసుంటాను" అంది.

ఆ మాటకు ఆయన కూర్చున్నచోటు నుంచి లేచి, మెట్లకు తల తగలకుండా వంగి, గుమ్మం దాకా వచ్చాడు.

"మీ పొరపాటేమీ లేదమ్మా. ఫ్యాను మొదటిరోజే పాడై ఉంది. నాకు కుడి చెవి వినబడట్లేదు. లోపల ఏదో హోరు. అది విని ఫ్యాను బాగుందన్నాను. రెండుసార్లూ."

"అంటే ఆ రెండు పరీక్షలూ..."

"నా వల్లే పోయాయి."

"పరుపు మీద పెట్టుకున్నానని నన్ను తిట్టారు."

"తిట్టాను. మీరు చెప్పేది వినకుండా ఫోను కూడా పెట్టేశాను."

ఆవిడ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టి వెళ్లినా బాగుండేది అనుకున్నాడాయన.

శుక్రవారం పది నుంచి పన్నెండు దాకా మాస్టారు ఒక్క స్క్రూ తిప్పలేదు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. నలభయ్యో నిమిషం దాటింది. గంట దాటింది. భార్య కూడా వంట త్వరగా ముగించి వచ్చి రెండో స్టూలు మీద కూర్చుంది. పన్నెండూ పదికి ఫోను మోగింది. అలవాటు కొద్దీ కుడి చెవికి పెట్టుకుంటే హోరు తప్ప ఏమీ లేదు. ఎడమ చెవికి మార్చాడు.

"అయిపోయిందండీ. ఒక్కసారి కూడా ఆగలేదు" అంటోంది ఆవిడ. "మొత్తం రాసేశాను. రాసేశాక కూడా కాసేపు కుర్చీలోంచి లేవలేదు."

"మంచిదమ్మా" అన్నాడు.

"నిన్న నాకు చాలా కోపమొచ్చింది. ఇంకా ఉంది. మరి చెవి చూపించుకున్నారా?"

"చూపించుకుంటానమ్మా, వచ్చేవారం..."

"రెండుసార్లు మీ మాట నమ్మాను మాస్టారూ. ఒక్కసారి నా మాట వినండి. ఇవాళే వెళ్లండి" అని, ఈసారి ఆవిడే ఫోను పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం మెట్ల కింద కొట్టు మూసి ఉండటం చూసి వీధిలోవాళ్లు ఎవరు పోయారో అనుకున్నారు. మాస్టారు, భార్య చెవుల డాక్టరు గదిలో పక్కపక్కన కూర్చున్నారు. డాక్టరు ఒక చిన్న లైటు గొట్టం చెవిలో పెట్టి చూసి, కాగితం ముందుకు లాక్కుని అడగడం మొదలుపెట్టాడు.

"ఎన్నాళ్ల నుంచి? ఏం చేస్తుంటే మొదలైంది? ఇంతకుముందు ఎవరికైనా చూపించారా?"

మాస్టారు నోరు తెరిచి, మూసి, ఆఖరికి, "నేనేం చెయ్యలేదండీ, దానంతట అదే..." అన్నాడు.

భార్య కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. ఆమె ఎడమవైపు కూర్చుంది కాబట్టి అది ఆయనకు బాగానే వినబడింది.