రెండేళ్ళుగా తెలిసిన పిల్ల

నా చిన్నప్పుడు ఇంగ్లండులోని లీడ్స్‌లో మా ఇల్లూ పక్కిల్లూ ఒకే గోడకి చెరోవైపు ఉండేవి. ఇటువైపు మేము కొనుక్కున్న ఇల్లు, అటువైపు కౌన్సిల్ వాళ్ళు, అంటే అక్కడి మునిసిపాలిటీ వాళ్ళు, లేనివాళ్ళకి అద్దెకిచ్చిన ఇల్లు. వీధిలోంచి చూసేవాళ్ళకి తేడా ఏమీ తెలిసేది కాదు. మా అమ్మానాన్నలు మాత్రం ఆ తేడాని రోజూ తలచుకునేవారు. ఒక్కరోజు మరిచిపోతే ఎవరో వచ్చి మమ్మల్ని గోడకి అటువైపు పంపేస్తారన్నంత భయం వాళ్ళది.

ఇద్దరూ ఆసుపత్రిలోనే పనిచేసేవారు. నాన్న డాక్టరు, అమ్మ ల్యాబ్‌లో. ఇద్దరి డ్యూటీ వేళలూ కలిసొచ్చిన వారం నాకు గుర్తులేదు. అందుకని బడి వదిలే వేళకి నన్ను ఇంటికి తీసుకొచ్చే పని పక్కింటి అక్కకి అప్పజెప్పారు. తెల్లవాళ్ళ పిల్లే, నేను అక్క అనేదాన్ని. అలా మొదలుపెట్టినప్పుడు ఆమెకి పదహారేళ్ళు. వాళ్ళ అమ్మమ్మతో ఉండేది. తల్లిదండ్రులు ఎక్కడున్నారో మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ట్రాక్‌సూటు, తలమీదకి లాక్కున్న హుడీ, చెవులకి గాజులంత రింగులు, నుదురు సాగిపోయేంత బిగుతుగా కట్టిన జుట్టు. అలా తయారయ్యే పిల్లలకి ఈ దేశంలో పదేళ్ళకొక ఎగతాళి పేరు పెడతారు. తర్వాత చావ్ అన్నారు, మా రోజుల్లో ఇంకేదో అనేవారు. పేరేదైనా అర్థం ఒకటే: బీదవాళ్ళు, చదువు అబ్బనివాళ్ళు, దొంగతనానికి వెనుకాడనివాళ్ళు. శనివారాలు మా ఇంటికి భోజనాలకొచ్చే డాక్టరు అంకుళ్ళు కూడా ఆ పేరు నేర్చేసుకున్నారు. దొరలు మనల్ని ఏమనుకుంటారో అని నిద్రపట్టని మనుషులు, దొరల్లోనే తమకంటే తక్కువవాళ్ళు దొరికారని ఎంత సంబరపడేవారో చెప్పలేను.

అక్క నన్ను లవ్ అని పిలిచేది. ఆ ఊళ్ళో బస్సు డ్రైవరు దగ్గర నుంచి అందరూ అందరినీ అలాగే పిలుస్తారు. నా బ్యాగు తను మోసేది. వానొస్తే తన జాకెట్టు నా నెత్తిన కప్పి తను తడిసేది. రెండేళ్ళలో ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. ఒకరోజు గేటు దగ్గర నా తోటిపిల్లలు ఆమెని చూసి ముక్కు మూసుకుని నవ్వారు. ఆ సాయంత్రమే నేను, రేపటి నుంచి గేటు దగ్గరికి రావొద్దు, మలుపులో పోస్టు డబ్బా దగ్గర ఉండు అని చెప్పాను. ఎందుకని అడగలేదు. మర్నాటి నుంచి అక్కడే నిలబడింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుందిలే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాకు బాగానే తెలుసు.

ఆ ఏడాది డిసెంబరులో మా అమ్మమ్మ కాకినాడ నుంచి వచ్చింది, ఆరు నెలలు ఉండటానికి. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు ముత్యాల్లా రాసేది గాని, లీడ్స్ వాళ్ళు మాట్లాడేది మాత్రం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అక్కని మొదటిసారి చూసి మురిసిపోయింది. “ఈ ఊళ్ళో బుద్ధున్న పిల్ల ఇదొక్కతే. చలిగాలి తగలకుండా చెవులు ఎంత బాగా కప్పుకుందో చూడు. ఎవరో జాగ్రత్తగా పెంచారు,” అంది. అలా తల కప్పుకోవడం రౌడీతనమని ఊరంతా అనుకునే చోట, పుష్యమాసంలో మఫ్లరు చుట్టకుండా పిల్లల్ని గుమ్మం దాటనివ్వని మా అమ్మమ్మకి అది పెంపకంలా కనిపించింది. అమ్మ నవ్వి ఊరుకుంది. అమ్మమ్మ మాత్రం రోజూ అక్కని లోపలికి పిలిచి, టీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకునేది. కారప్పూస తింటూ అక్క కళ్ళనీళ్ళు తుడుచుకునేది, అయినా ఇంకొంచెం అడిగేది. వాళ్ళిద్దరి మధ్యా మాటలు తక్కువే. కానీ నేను ఎంత తొందరపెట్టినా ఇద్దరిలో ఒక్కరూ లేచేవారు కాదు.

ఏప్రిల్‌లో అక్క ఒక దరఖాస్తు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఒక హోటల్లో, సెలవులకొచ్చే వాళ్ళ పిల్లల్ని ఆడించే పని దొరికిందట. జూన్ మొదటికల్లా అక్కడ ఉండాలి. అందుకు పాస్‌పోర్టు కావాలి, ఆమెకి అదే మొదటిది. దానికి ఈ దేశంలో ఒక నియమం ఉంది. డాక్టరో లాయరో టీచరో, అలా పరువైన ఉద్యోగంలో ఉన్న ఒకరు, ఫోటో వెనక ఇది ఈ మనిషిదేనని రాసి, దరఖాస్తులో రెండేళ్ళుగా ఈమెని ఎరుగుదునని సంతకం చేయాలి. అక్కకి అలాంటి వాళ్ళెవరూ తెలియదు. చదువు చెప్పిన టీచరు ఊరు మారిపోయింది. తను మందులకి వెళ్ళే డాక్టరు దగ్గర అడిగితే, రోగిగా తెలిస్తే సరిపోదని పంపేశారు. ఇక మిగిలింది గోడకి ఇటువైపున్న మా నాన్న.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. అంతకు ముందు ఏడాది నాన్న ఈ దేశపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, ఈయన మంచివాడని పూచీ ఇవ్వడానికి ఇద్దరు కావలసివచ్చింది. ఒకరు ఆసుపత్రిలో ఆయన పై డాక్టరు. రెండోవారు ఏ ఉద్యోగం లేకపోయినా ఈ దేశస్తులైతే చాలు, అయినా దొరక్క నాన్న వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆఖరికి సంతకం చేసింది అక్క వాళ్ళ అమ్మమ్మే. ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించమని అడిగి, కళ్ళజోడైనా పెట్టుకోకుండా పెట్టేసింది. తర్వాత ఎన్నడూ ఆవిడ ఆ ఊసు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

నాన్న కాగితం అందుకుని “చూద్దాం” అన్నారు. తెలుగిళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. అక్కకి తెలియదు పాపం, రెండుసార్లు థాంక్యూ చెప్పి వెళ్ళింది.

ఆ కాగితం ఫ్రిజ్ మీద వారం పడి ఉంది, రెండు వారాలు పడి ఉంది. నిన్నగాక మొన్న పౌరులమయ్యాం, రేపు ఆ పిల్ల ఏ గంజాయి కేసులోనో ఇరుక్కుంటే నా పేరు బయటికొస్తుందని నాన్న అమ్మతో అంటూండటం విన్నాను. ఒక సాయంత్రం నన్ను పిలిచి, ఆ అమ్మాయి నీ ముందు ఎప్పుడైనా సిగరెట్టు కాల్చిందా అని అడిగారు. కాల్చింది. ఒకే ఒక్కసారి, బస్‌స్టాపులో, నాకు పొగ తగలకుండా అటు తిరిగి. నేను కాల్చిందని చెప్పాను. అటు తిరిగిన సంగతి చెప్పలేదు. నాన్నకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన ముఖం తేలికపడింది. సాకు కోసం వెతుకుతున్న మనిషికి నేను దాన్ని తెచ్చి చేతిలో పెట్టాను.

మే నెల సగం గడిచాక అక్క మళ్ళీ వచ్చింది. నాన్న ఆమెని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. బూట్ల దగ్గర మొదలుపెట్టి చెవి రింగుల దాకా ఒకసారి చూశారు. తనలాంటి హోదాలో ఉన్నవాళ్ళు ఇలాంటి విషయాల్లో జాగ్రత్తగా ఉండాలని, వేరే ఎవరినైనా అడగడం మంచిదని ఎంతో మర్యాదగా చెప్పి, కాగితం తిరిగి ఇచ్చేశారు. నాన్న అంత చక్కటి ఇంగ్లీషు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. అక్క కాగితం అందుకుని వెనక్కి తిరిగింది.

హాల్లోంచి చూస్తున్న అమ్మమ్మ, ఆ కాగితం ఏమిటని నన్ను అడిగింది. ఎవరైనా పెద్ద ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఈమె నాకు తెలుసని సంతకం పెట్టాలట అని చెప్పాను. “అంతేనా? దానికి ఇంతసేపు గుమ్మంలో నిలబెట్టడమెందుకు?” అని లేచింది. మన దగ్గర హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ అంటే గెజిటెడ్ ఆఫీసరు. ఉద్యోగానికైనా కాలేజీ సీటుకైనా, దరఖాస్తు మీది ఫోటోకి గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో సంతకం చేస్తేనే చెల్లుబాటు. ఆ సంతకం కోసం వాకిట్లో నిలబడిన పిల్లల్లో ఒక్కరినీ అమ్మమ్మ తిప్పి పంపలేదని అమ్మే గొప్పగా చెప్పేది. రిటైరైనా ఆ పెన్ను ఆమె చేతిసంచీలోనే ఉండేది.

అక్కని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఫోటోలు రెండూ బల్లమీద పెట్టి, మన ఊరి పద్ధతిలో, ముందువైపునే ఫోటోకి అడ్డంగా సంతకం చేసింది. దరఖాస్తులో నాన్న పేరు ఉండాల్సిన గడుల్లో తన పేరు, కింద రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ అని హోదా, కాకినాడ చిరునామా నింపింది. పక్కన ఖాళీ కనిపిస్తే, బడి వదిలి వెళ్ళే పిల్లలకి రాసిచ్చే మాట కూడా ఇంగ్లీషులో రాసింది: ఈమె నడవడిక మంచిది.

ఇక్కడ అవేవీ చెల్లవని నాకు తెలుసు. అక్కకీ తెలుసు. ఆకుపచ్చ గీత తన ముఖం మీదుగా పోతుంటే ఒక్కసారి నా వంక చూసింది. ఆపమంటే అమ్మమ్మ ఆపేది. ఇద్దరం ఆపలేదు.

నాన్న బల్ల దగ్గరికి వచ్చి, “ఇక్కడ ఇవి పనికిరావు అత్తయ్యగారూ. ఫోటోలు కూడా పాడైపోయాయి,” అన్నారు.

అమ్మమ్మ పెన్నుకి మూత పెట్టింది. “పనికిరాకపోతే మానెయ్యండి అల్లుడుగారూ. నేను ఐదు నెలల నుంచి చూస్తున్నాను ఈ పిల్లని. మీరు రెండేళ్ళ నుంచి చూస్తున్నారు. తెలుసునని రాయడానికి మీకంత భయమేంటండీ?”

నాన్న మేడమీదకి వెళ్ళిపోయారు. అక్క ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, అమ్మమ్మ రాసిన మాట నా చేత పైకి చదివించుకుంది. మళ్ళీ చదవమంది. బడిలో తన గురించి చాలా రాశారు గాని ఇలా ఎవరూ రాయలేదని చెప్పి, “పోన్లే లవ్, మీ అమ్మమ్మకి థాంక్స్ చెప్పు,” అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

కథైతే ఇక్కడ నాన్న మనసు మారాలి. మారలేదు. కొత్త దరఖాస్తు పోస్టాఫీసులో దొరుకుతుంది, సంతకం పెట్టే మనిషి దొరకొద్దూ? జూన్ వచ్చింది, పోయింది. ఆ హోటలు వాళ్ళు ఇంకెవరినో తీసుకున్నారు. అక్క ఊరి బయట ఒక గోదాములో అట్టపెట్టెలు కట్టే పనిలో చేరింది. నన్ను బడి నుంచి తీసుకురావడానికి అమ్మ ఇంకొకరిని పెట్టింది. అమ్మమ్మ మే నెలాఖరులోనే కాకినాడ వెళ్ళిపోయింది కాబట్టి ఇవేవీ చూడలేదు. ఫోను చేసినప్పుడల్లా ఆ పిల్ల ప్రయాణం ఏమైందని అడిగేది. అల్లుడుగారే తర్వాత సంతకం పెట్టారు, పిల్ల వెళ్ళింది, బాగుంది అని అమ్మ చెప్పేది. అల్లుడు మంచివాడేనన్న నమ్మకంతోనే మా అమ్మమ్మ పోయింది.

ఏడాది తిరక్కుండానే పక్కింటి పెద్దావిడ చనిపోయింది. అద్దె ఒప్పందం ఆవిడ పేరున ఉండేది కాబట్టి ఇల్లు కౌన్సిల్ వాళ్ళు వెనక్కి తీసుకున్నారు. అక్క సామాను నాలుగు నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పట్టింది. అవి వ్యానులోకి ఎక్కించడం నేను మేడమీద కిటికీలోంచి చూశాను. కిందికి వెళ్ళలేదు. ఎక్కడికి వెళ్తోందని ఎవరమూ అడగలేదు, ఇప్పటికీ నాకు తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి ఆ సంగతి ఎత్తితే, ఆ పిల్ల వెళ్ళినా అక్కడ నిలదొక్కుకునేది కాదులే అన్నారు నాన్న. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఇప్పుడు నా తల నెరిసింది. నేనూ ఈ ఊళ్ళోనే డాక్టరుని, పరువైన ఉద్యోగస్తుల లెక్కలోకి వచ్చాను. తెలిసిన పిల్లలెవరు వచ్చి అడిగినా పూచీ ఇస్తాను. ఇంతవరకు ఎవరినీ కాదనలేదు. అది అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని మా పిల్లలతో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

పోయిన నెల మా వీధి చివరి ఫ్లాట్లలో ఉండే ఒక అమ్మాయి తలుపు తట్టింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న పిల్లే. పాస్‌పోర్టుకి మీ పేరు ఇవ్వొచ్చా అని అడిగింది. ఇవ్వమన్నాను. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చేలోపే నా కళ్ళు ఆమె బూట్ల దగ్గర నుంచి చెవుల దాకా ఒకసారి పోయి వచ్చాయి. క్షణం కూడా పట్టి ఉండదు. ఆ అమ్మాయి గమనించింది, ఒక అడుగు వెనక్కి వేసింది. చెయ్యవలసిన పనంతా చేశాను, ఆమెకి పాస్‌పోర్టు వచ్చే ఉంటుంది. అమ్మమ్మ సంతకంతో పాటు, ఆ రోజు గుమ్మంలో నాన్న చూసిన చూపు కూడా నాకు వచ్చింది. ఇన్నేళ్ళూ అది నాలో లేదనే అనుకున్నాను. ఇక పోతుందని అనుకోవడం లేదు.