ఇసుకలో ఆర్పిన దీపం

మా చెల్లెలు పోయిందని పొద్దున్నే కడప నుంచి ఫోను వచ్చింది. ఆత్మకూరులో బస్సెక్కి అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా నాకు గుర్తొచ్చింది ఆమె ముఖం కాదు, కుడి అరచేతిలోని మచ్చ.

అది పందొమ్మిది వందల యాభైల నాటి మచ్చ. వానల్లేక రాయచోటి పక్క చేలన్నీ బీళ్లయిన రోజుల్లో, ఆమె భర్తకు, అంటే మా మరిదికి, అరబ్బు దేశంలో ఒక రిఫైనరీలో ఫిట్టరు పని దొరికింది. కొత్తకాపురం ఇసుకలో వరసగా కట్టిన క్వార్టర్సులో పెట్టారు. వాటికెదురుగా ఎత్తైన గొట్టం, దాని కొసన పగలూ రాత్రీ మంట.

దిగిన రోజే ఆమె అడిగిందట, "ఎవురిల్లు కాలుతాంది?" అని.

మరిది నవ్వి, "ఎవురిల్లూ కాదు లేమ్మే. అది మండుతాంటే అంతా బాగున్నట్టే. ఆరితేనే భయపడాల" అన్నాడట.

అప్పటినుంచి నిద్ర లేస్తూనే తాళి కళ్లకద్దుకోకముందే కిటికీలోంచి ఆ మంటను చూసుకునేది. వండిన సంగటిలో కూడా గ్యాసు వాసనే వచ్చేదని చెప్పేది.

ఒక కార్తీకమాసం సాయంత్రం మరిది డ్యూటీలో ఉన్నాడు. ఆమె దీపం పెట్టింది. కాసేపటికి సైరన్ కూసింది. కిటికీలోంచి చూస్తే గొట్టం మీద మంట లేదు. సైరన్ కూస్తే ఇంట్లో నిప్పు ఉండకూడదని అక్కడి కట్టడి. పొయ్యి ఆర్పేసింది. దీపం దగ్గర చెయ్యి ఆగింది. మా ఇళ్లలో ముత్తైదువ దీపాన్ని తన చేత్తో ఆర్పదు. నూనె అయిపోయి దానంతటదే కొండెక్కాలి. జడలు వేసుకునే వయసులోనే మా అమ్మ మా ఇద్దరికీ ఈ మాట నేర్పింది.

ఇంట్లో ఉండకూడదన్నారు కదా అని, వెలుగుతున్న దీపాన్ని ఆమె బయటికి తెచ్చింది. బయట గాలంతా గ్యాసు వాసనే.

పక్కింటి నెల్లూరామె చూసి ఉరికొచ్చింది. "ఏం పని తల్లీ ఇది? ఆర్పెయ్."

"మా ఆయన ఆడనే ఉండాడక్కా. నా చేత్తో యెట్ల ఆర్పేది?"

"మా ఆయనా ఆడే ఉండాడు. వీధంతా కాలిపోద్ది. ఆర్పు."

చెల్లెలు దీపాన్ని ఇసుకలో బోర్లించి అరచేత్తో అదిమింది.

వీధికి ఏమీ కాలేదు. చీకటిపడ్డాక పనివాళ్ల బస్సు వచ్చింది. మా మరిది దిగాడు. నెల్లూరామె భర్త దిగలేదు.

సెలవులకు వచ్చినప్పుడు నాకీ సంగతి చెప్పి, "ఆర్పింది నేను గదక్కా, ఆమె బొట్టు యెందుకు పోయె?" అని అడిగింది.

"రిఫైనరీలో పైపు పగలడానికీ దీపానికీ సంబంధం లేదు. నువ్వు ఆర్పకుంటే ఎందరు పోయేవాళ్లో" అన్నాను. చదువుకున్నదాన్ని, ఉన్న మాటే చెప్పాను.

"నీ లెక్క సరిపోయిందక్కా. నా వంతు ఇంకా ఉండాది" అంది.

ఆ వంతు కోసం బతికినంతకాలం ఎదురుచూసింది. కడపకు తిరిగొచ్చి స్థిరపడ్డాక కూడా మరిది గడప దాటితే, వచ్చేదాకా వాకిట్లోనే నిలబడేది. "కొత్తిమీర కట్టకు పోతాండా, యుద్ధానికి కాదు" అని ఆయన ఎగతాళి చేసేవాడు. దీపం మాత్రం మళ్లీ తన చేత్తో ముట్టుకోలేదు. రోజూ ఆయన చేతనే పెట్టించేది. ఇరుగుపొరుగు నవ్వినా పట్టించుకోలేదు. ఆమె భయపడింది జరగలేదు. పసుపుకుంకుమలతోనే పోయింది.

నేను చేరేసరికి ఆమె తల దగ్గర దీపం ఉంది. అదీ ఆయన పెట్టిందే. తలుపు సందులోంచి వడగాలి కొడుతోంది. వత్తి వంగినప్పుడల్లా మరిది రెండు చేతులూ అడ్డం పెడుతున్నాడు. కాసేపు లేచి మంచినీళ్లన్నా తాగమన్నాను.

"ఇది మండుతాంటే అంతా బాగున్నట్టేలే వదినా" అన్నాడు, దాని మీది నుంచి చూపు తిప్పకుండా.

వేళ్ల సందుల్లో ఆ వెలుగు ఎర్రగా కదులుతూ ఉంది.