గడప మీంచి తీసుకున్న నోట్లు

కూసో సిన్నా. రాసేవాడివి సరిగ్గా ఇని రాయి, నీ సొంత కవిత్వం కలపొద్దు.

దయ్యాలు గియ్యాలు నేను నమ్మేదాన్ని కాదు. మీ తాత పట్టుపురుగులు సాకే రోజుల్లో, శవాల్ని పూడ్చే బొందలగడ్డ పక్కనుండే తోటలో తెల్లారకముందే మల్బరీ ఆకు కోసినదాన్ని. పాముల్ని సూసినా గానీ దయ్యాన్ని సూడలేదు. ఇది కూడా దయ్యమని నేను అనడం లేదు. జరిగింది చెప్తా, అంతే.

పుంగనూరులో మా చెల్లెలు సరోజ, నీకు సిన్నవ్వ. నా పెన్షన్‌లో మిగిలింది దాని చేతికిచ్చి, పసుపు గుడ్డలో ముడుపు కట్టి దాచిపెట్టమనేదాన్ని. ఈడ పెడితే మీ నాయన పెట్రోలంటాడు, మీయమ్మ గ్యాసంటాది, నిలవదు. మీ అక్క ఉద్యోగంలో చేరితే నా చేత్తో ఒక జత కమ్మలు పెట్టాలని ఆశ.

మీ అక్కకు ఉద్యోగం వచ్చినాక, పుంగనూరు కంటాస్పత్రికి పోయి వస్తా సరోజ ఇంటికాడ ఆటో ఆపించినా. పట్టపగలు. తలుపు సగం తీసి అదే నిలబడింది. ఆ ముడుపు ఇయ్యే, కమ్మలు కొనాల అన్నా. లోపలికి పోయి తెచ్చింది. తెచ్చి గడప లోపల్నుంచే చెయ్యి చాపింది.

మన ఇండ్లల్లో గడప మీద డబ్బు ఇయ్యరు, తీసుకోరు. ఇచ్చేవాళ్ళన్నా బయటికి రావాల, తీసుకునేవాళ్ళన్నా లోపలికి పోవాల. ఆ పట్టింపు నాకంటే దానికే ఎక్కువ. పాలాయనకు ఇయ్యాలన్నా మెట్టు దిగి ఇస్తాది. ఆటో అతను హారన్ కొడతాంటే నేనూ తొందరలో తీసేసుకున్నా. పోయొస్తా అంటే పలకలేదు. అలిగిందేమో అనుకుంటి.

మీ అక్కను తీసుకోని మదనపల్లెలో బంగారంగడికి పోయి గుడ్డ విప్పినా. అన్నీ ఐదొందల నోట్లే. ఒకదానికొకటి అతుక్కోని, మూలలు పొట్టుపొట్టుగా రాలతాండాయి. ఏండ్లు మూసిపెట్టిన ఇంటి వాసన.

అంగడాయన వేలికొనతో ఒకటి పక్కకు తోసి, "ఇంత చివికినవి నడవవు పెద్దమ్మా. ఎవరో నీకు అంటగట్టినారు" అన్నాడు.

కమ్మలు మళ్ళీ డబ్బాలోకి పోయినాయి. మీ అక్క "పోనీలే అవ్వా" అనింది. ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది.

కూరగాయలామె కూడా, "ఫోన్లో కొట్టవ్వా, ఇది నాకొద్దు" అనింది. బ్యాంకులో కొన్నిటికి పూర్తిగా, కొన్నిటికి సగం ఇచ్చి, మిగతావి వెనక్కి నెట్టినారు.

సరోజ కొడుకు చిరిగిన నోట్లు కమిషన్‌కి మార్చే యాపారం చేస్తాడు. "మంచివి తీసుకోని చెత్త కట్టిచ్చినారు, ఇంకేముంది అత్తా" అనింది మీయమ్మ. ఒకే కంచంలో తిని పెరిగినోళ్ళం సిన్నా.

ఫోన్ చేసి అడిగితే సరోజ ఏమనింది తెలుసా? "నేను కుప్పంలో మా పాప ఇంట్లో ఉండానక్కా. కాలు బెణికి ఈడే పడుండా. ఆడ ఇంటికి తాళం. నేనెప్పుడిస్తి నీకు?"

నమ్మలేదు. కుప్పం పోయినా. కాలికి కట్టుండాది నిజమే. కూతురు కూడా, అమ్మ ఈడ్నించి కదల్లేదనింది. కూతురు తల్లి పక్క కాక నా పక్క మాట్లాడతాదా? ఇద్దర్నీ కారెక్కించుకోని పుంగనూరు వచ్చినా.

తలుపు తాళం సరోజే తీసింది. బీరువా తాళంచెవి దాని నడుముకే ఉండాది. బీరువాలో ముడుపు లేదు. అది ఆ ఖాళీ అర చేత్తో తడిమి నా పక్క తిరిగింది.

"ఎవురితోనో తాళాలు తెరిపించి తీసుకోని పోయింది నువ్వు. దొంగని చేస్తాండేది నన్ను. ఎందుకక్కా?"

గొడవకు ఎదురింటామె వచ్చింది. నేను వచ్చింది సూసినావా లేదా చెప్పమ్మా అని అడిగినా.

"సూస్తి కదా. తాళమేసిన తలుపు ముందర నిలబడి మాట్లాడతాంటివి. ఫోనేమో అనుకుంటి. చెయ్యి చాపితివి, ఏదో కొంగున కట్టుకోని ఆటో ఎక్కితివి" అనింది.

ఆటో అతను ఫోన్ సూసుకుంటానే హారన్ కొడతాండె. అతనికేమీ తెలీదు.

ఆ పొద్దునించి మాకు మాటల్లేవు. అది నన్ను దొంగంటాది. నేనూ దాన్నే దొంగ అనుకుంటా, అట్లనుకుంటేనే నాకు నిద్ర పడతాది. అది చెప్పింది నిజమైతే ఆ పొద్దు నాకు ఇచ్చిందెవరు? దొంగైనా సరే, ఆ ఇచ్చింది మా చెల్లెలే కావాల సిన్నా. ముడుపిచ్చేటప్పుడు దాని వేళ్ళు నా వేళ్ళకు తగిలినాయి, సల్లగా ఏం లేవు, మనిషి చెయ్యే, మా సరోజ చెయ్యే. ఇచ్చేసినాక కూడా వదల్లేదు, అట్లే పట్టుకోని...

ఆ, వస్తాండానమ్మా, సంగటి పెట్టు. మీయమ్మ పిలుస్తాండాది, లెయ్. అట్లే పట్టుకోని, నన్ను గడప లోపలికి మెల్లగా లాగతాంటే