గుండు మీద పూల బ్యాండు

మా పాపకి తొమ్మిదో నెలలో యాదగిరిగుట్టలో పుట్టువెంట్రుకలు తీయించాం. మర్నాడు ఉప్పల్‌లో మా సందులోకి కూరగాయల బండి వస్తే, మా అత్తమ్మ పిల్లని చంకనెత్తుకుని వెళ్లింది. బండి అతను టమాటాలు తూస్తూ, గంధం పూసిన ఆ గుండు చూసి, "బాబు మస్తుగున్నడమ్మా" అన్నాడు. అంతే, అత్తమ్మ టమాటాలు అక్కడే వదిలేసి లోపలికొచ్చేసింది.

"బాబంట! బంగారమసొంటి ఆడపిల్లను పట్టుకొని బాబంటడు. కండ్లు ఏడ బెట్టుకున్నడో!"

గుండు చేస్తే పిల్లలందరూ ఒకేలా ఉంటారు, కొన్నాళ్లు పోతే జుట్టు అదే వస్తుందని నేనన్నాను. నా మాట వినేదెవరు? ఆ సాయంత్రమే ఏఎస్ రావు నగర్ వెళ్లి ఫ్రాకులు కొనుక్కొచ్చింది.

వాటి వైభవం చెప్పాలి. పైన నెట్టు, దాని కింద ఇంకో నెట్టు, దాని కింద గరగరలాడే లైనింగు. ఛాతీ నిండా చమ్కీలు. పొడుగు పాదాల దాకా. నడుముకి వెనక పెద్ద ముడి, ఆ ముడి పైన వరసగా బొత్తాలు. రోజులో సగం వెల్లకిలా పడుకునే పిల్లకి వీపున బొత్తాలు కుట్టినవాణ్ని ఆ బొత్తాల మీదే ఒక పూట పడుకోబెట్టాలి! వీటన్నిటికీ తోడు గుండుకి బిగించడానికి పూల బ్యాండొకటి. అది తీస్తే నుదుటి మీద ఎర్రటి గీత.

అప్పటిదాకా మా పాప వేసుకున్నవి మా ఆడపడుచు కొడుకు విడిచిన బట్టలే. పసిపిల్లలకి ముందుగా కొత్తబట్ట తగలకూడదని, ఏపుగా పెరుగుతున్న పిల్లల పాతబట్టలు అడిగి తెచ్చి వేయడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. వాడు పాపకంటే కొంచెం పెద్ద. ఉతికి ఉతికి మెత్తబడ్డ వాడి జుబ్బాల్లో, నిక్కర్లలో పిల్ల హాయిగా ఉండేది. మోకాళ్ల మీద లేచి ముందుకీ వెనక్కీ ఊగుతూ, నాలుగు జానలు దోగాడడం కూడా మొదలుపెట్టింది.

ఫ్రాకులొచ్చాక అది ఆగిపోయింది.

ఫ్రాకుల వల్లే ఆగిపోయిందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. నేను నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే బస్సెక్కితే చీకటిపడ్డాకే ఇల్లు. పగలంతా పిల్ల అత్తమ్మ చేతుల్లోనే పెరుగుతుంది. నేనొచ్చేసరికి ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుని, ఎత్తుకోమని చేతులు చాపి ఏడుస్తుండేది. అదే మా ఆడపడుచు కొడుకు వస్తే ఇల్లు పీకి పందిరేసేవాడు. నిక్కరూ బనీనూ తప్ప ఒంటిమీద ఇంకేం లేకుండా సోఫా కిందికీ మంచం కిందికీ దూరి, మోకాళ్లు నల్లగా చేసుకుని బయటికొచ్చేవాడు.

ఒకరోజు పక్కింటావిడ వాణ్నీ మా పాపనీ మార్చి మార్చి చూసింది.

"ఇంక అంబాడుత లేదా? కాళ్లల్ల ఏమన్న ఉన్నదేమో, జర దవాఖానల సూపియ్యిన్రి."

ఆ మాట ముల్లులా దిగబడింది. ల్యాబులో చేతులు పని చేస్తుండేవి కానీ బుర్ర మాత్రం పిల్ల కాళ్ల దగ్గరే. నా కడుపులో ఉన్నప్పుడు ఏం తిన్నాను, ఏం తినలేదు అని తవ్వుకున్నాను. అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. రెండు పూటలా నువ్వులనూనె పట్టించి కాళ్లు రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ నాకు కనపడకుండా కొంగుతో కళ్లు తుడుచుకునేది. నాకు కనపడేది. చివరికి సోమవారానికి పిల్లల డాక్టరు దగ్గర టైము తీసుకున్నాం.

ముందురోజు ఆదివారం. అత్తమ్మ పాపకి నూనె రాసి, స్నానం చేయించి, నడుముకి గుడ్డ మాత్రం చుట్టి చాప మీద పడుకోబెట్టింది. రోజూ ఒళ్లో ఉండగానే తొడిగే ఫ్రాకు ఆవేళ మరిచిపోయి, తేవడానికి లోపలికెళ్లింది. నేను తువ్వాలు ఆరేస్తున్నాను. వెనక్కి తిరిగి చూస్తే చాప మీద పిల్ల లేదు. వంటింటి గడప దగ్గర ఉంది! గడప పట్టుకుని, అవతలికి ఎలా దాటాలా అని ఆలోచిస్తోంది.

"అత్తమ్మా! రండి, చూడండి!" అని కేకేశాను. ఏమైందోనని ఫ్రాకు చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఇద్దరం ఏడుపూ నవ్వూ కలిపి కాసేపు పిచ్చివాళ్లమైపోయాం. ఆ సంబరంలోనే అత్తమ్మ పిల్లకి ఫ్రాకు తొడిగి, బొత్తాలు పెట్టి, మళ్లీ చాప మీద దింపింది. "ఏదీ, మల్ల పో బిడ్డా, పో!"

పాప కుడి మోకాలు ముందుకేసింది. అది ఫ్రాకు అంచు మీద పడింది. ఎడమ మోకాలూ ఫ్రాకు మీదే పడింది. ఇక ముందుకి జరగాలంటే బట్ట రాదు. మెడ దగ్గర లాగేసి మొహం నేలకి తగిలింది. గుక్కపట్టి ఏడ్చి, కూలబడి, ఎత్తుకోమని చేతులు చాపింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "కాళ్లకేం రోగం లేదు! ఈ దిక్కుమాలిన ఫ్రాకే! ఇన్నాళ్లూ పిల్లని కట్టేసి కూర్చోబెట్టాం కదండీ!" అని అరిచాను. అరుస్తూనే బొత్తాలు ఊడదీశాను. ఒకటి తెగి ఎగిరిపోయింది. ఫ్రాకు తీసిన మరుక్షణం పిల్ల ఏడుపు మానేసి వంటింటి వైపు బయల్దేరింది.

అత్తమ్మ నామీద ఎగరలేదు. ఎగురుతుందనుకున్నాను. ఫ్రాకు ఒళ్లో పెట్టుకుని గోడకి చేరగిలబడింది.

"నాకు అన్నలు ఇడిసిన నిక్కర్లే ఏసేటోళ్లు. పేన్లు పడతయని మా అమ్మ జుట్టు గూడ కురచగ కత్తిరిస్తుండె. ఊరంత నన్ను పోరడా, పోరడా అని పిలిచెటోళ్లు. ఏడ్సుకుంట ఇంటికొచ్చేదాన్ని. ఒక్క పూల గౌను కొనియ్యమంటే ఎవ్వరు కొనియ్యలే. గా కూరగాయలోడు బాబు అన్నప్పుడు నా పానం గట్ల గుంజింది."

నా కోపం ఎటుపోయిందో తెలియదు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆవిడ ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. పక్కన కూర్చుని, "నడక రానివ్వండి, అప్పుడు మీ ఇష్టం వచ్చినన్ని గౌనులు వేద్దాం" అన్నాను. పాపం, పిల్లకి చెడు చేయాలని కొన్నదా? తనకి దక్కనిది దీనికి దక్కాలని కొన్నది.

ఆవిడ నా మాట వింటున్నట్టు లేదు. పాప గడప దాటేసి, వంటింట్లో ఉల్లిపాయల బుట్ట బోర్లించి, దొర్లిపోతున్న ఉల్లిపాయ వెంట పడింది. దాన్నే చూస్తున్న అత్తమ్మ ఒక్కసారిగా నవ్వింది. నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"గా నిక్కర్లేసుకొనే ద్రాక్షతోటల కంచెలు దుంకేదాన్ని. ఏ పోరడు నన్ను అందుకోకపోయేటోడు. సిగ్గే యాదికున్నది బిడ్డా. ఉరికింది మర్సిపోయిన."